పేరు చెరిగిన రాయి

నా ముఖానికి మొదటిసారి వెలుగు తగిలింది ఒక సుత్తి దెబ్బతో.

అంతకుముందు నేను సింహాచలం కొండలో ముక్కని. అడివివరం వైపు రోడ్డు పక్కన, వానలకు జారిపడ్డ బండల్లో ఒకదాన్ని. ఒంటినిండా ఇటుకరంగు మట్టి పట్టి, చూసినవాళ్లు మట్టిగడ్డ అనుకుని దాటిపోయేలా ఉండేదాన్ని. 2013లో ఒక శనివారం మధ్యాహ్నం, కొండ కింది హైస్కూలు సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని అటు వచ్చారు. "రాయిని పైపైన చూసి పోల్చకూడదర్రా. ఎండకీ వానకీ పైపొర చివికిపోతుంది. కొత్తగా పగిలిన ముఖం చూడాలి" అంటూ సుత్తి ఎత్తారు.

రెండు ముక్కలయ్యాను. ఒకటి అక్కడే గడ్డిలో పడిపోయింది. రెండోది మాస్టారి అరచేతిలో ఉంది. బూడిద కలిసిన తెలుపు మీద చారలు, ఆ చారల మధ్య ఎర్రటి గింజలు.

"ఇయేటి మాస్టారూ, దానిమ్మ గింజల్లాగున్నాయి?" అన్నాడొక గుంటడు.

వాడికి లాటిన్ రాదు. గార్నెట్ అన్న మాట పుట్టిందే దానిమ్మకున్న లాటిన్ పేరులోంచి అని మాస్టారు చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది. ఒక ఆడపిల్ల మాత్రం చాలాసేపు చూసి, "అప్పన్న నిజరూపంలాగుంది" అంది మెల్లగా. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయనాడు మాత్రమే అసలు రూపు చూపే స్వామి కొండ కింద పుట్టిన పిల్ల. పగిలిన రాతి ముఖానికి అంతకన్నా సరైన మాట ఇంకెవరూ అనగా నేను వినలేదు.

మాస్టారు నా వీపుకి కాగితం అంటించి రాశారు: ఖోండలైట్, అడివివరం రోడ్డు పక్క. "ఎక్కడ దొరికిందో రాయకపోతే రాయి మూగదైపోతుంది" అని చెప్పి మరీ రాశారు. ఆ పేరు నాకు పెట్టింది థామస్ వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త. కలహండి ప్రాంతంలో తిరిగి నా జాతి రాళ్లను చూసి, 1902లో ఆ కొండల్లో బతికే ఖోండుల పేరే మాకు పెట్టాడు. కొండమనుషుల పేరు మోయడం నాకు ఇష్టం. కేరళలో, శ్రీలంకలో ఉన్న నా చుట్టాలకూ అదే పేరు. కోణార్క గుడి చాలా మటుకు మా రాతితో కట్టిందే.

నేను మొదట రాయిని కాను, బురదని. ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రుని. ఆ సముద్రానికి పేరు పెట్టేవాళ్లు అప్పటికింకా పుట్టలేదు. భూమి పలకలు ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు 20 కిలోమీటర్లు దాటిన లోతుకి దిగిపోయాను. అక్కడి వేడి 800 డిగ్రీల పైమాట. అంత వేడిలోనూ పూర్తిగా కరిగిపోకుండా, ఉన్నచోటే నాలోని బంకమట్టి కొత్త స్ఫటికాలుగా మారింది. కొంత గార్నెట్ అయింది. కొంత సిల్లిమనైట్ అనే తెల్లని సూదులయింది. బురదలో కుళ్లిన ప్రాణుల కర్బనం గ్రాఫైట్ రేకులయింది, పిల్లల పెన్సిల్ మొనలో ఉండేదే. ఇదంతా జరిగి దాదాపు 100 కోట్ల ఏళ్లు. అప్పట్లో మా కొండల పక్కనే అంటార్కిటికా ఉండేది. 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా కలిసి ఉండి, తర్వాత విడిపోయాం. మా రాళ్లకు జత అక్కడి మంచు కింద ఇప్పటికీ ఉంది.

హైస్కూల్లో నా పరిస్థితి ఒకటి చెప్పాలి. నా పాఠం అప్పట్లో సోషల్ పుస్తకంలో ఉండేది, శిలావరణం అని. నన్ను పరీక్షించే సామాను సైన్సు గదిలో ఉండేది. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని పిల్లలు సోషల్ గదిలో వల్లెవేసేవారు. సైన్సు గదిలో నేను బీరువాలో కూర్చునేదాన్ని. పది దాటి ఎంపీసీ, బైపీసీలకు పోయాక నా మాటే వినపడదు. ఆ రెండు గదుల మధ్య నన్ను చేతిలో పట్టుకుని తిరిగిన మనిషి ఆ మాస్టారు. నా పక్కన ఆయన బొర్రా సున్నపురాయి, కోడూరు మాంగనీసు, బైలడిల్లా హెమటైట్ చేర్చారు. రాత్రిళ్లు సింహాచలం నార్త్ స్టేషన్ మీదుగా బైలడిల్లా నుంచి ఖనిజం రైలు విశాఖ రేవుకి పోతుంటే బీరువా అద్దం సన్నగా అదిరేది. హెమటైట్‌కి అది పుట్టింటి చప్పుడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కిటికీ రెక్కలు ఊడిపోయాయి. బీరువా పడిపోయింది. ఆ రాత్రంతా వాన నా మీదే కురిసింది. తెల్లారేసరికి కొండమీద చెట్లకు ఆకు లేదు, నా వీపు మీద కాగితం లేదు. మాస్టారు అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయారు. ఊడ్చేటప్పుడు ఎవరో నన్ను తీసి, గాలికి కొట్టుకుంటున్న తలుపుకి అడ్డం పెట్టారు. అలా ఏళ్లు గడిచాయి. తలుపు ఆపడం చిన్న పని అనను. కానీ రోజుకి వందల కాళ్లు నా పక్కనుంచి పోయేవి, ఒక్కరూ వంగేవారు కాదు. నాకు బాధ కలిగింది అక్కడే.

వంగినావిడ కొత్తగా వచ్చిన సైన్సు మేడం. పాత టూత్‌బ్రష్‌తో నన్ను కడిగించి, బల్లమీద పెట్టి, "దీని పేరు నేను చెప్పను. మీరే తేల్చండి" అన్నారు. నా బతుకులో అంత మంచి గంట ఇంకోటి లేదు.

ఇనుప మేకుతో గీశారు. నాకు గీత పడలేదు. నాతో గాజుముక్కని గీస్తే దానికి పడింది. యాసిడ్ చుక్క వేశారు. బొర్రా రాయి మీద బుసబుసా పొంగింది, నా మీద ఊరికే తడిసింది. కాగితం మీద రుద్దితే గ్రాఫైట్ మరక నల్లగా అంటింది. దారం కట్టి స్ప్రింగ్ త్రాసుకి వేలాడదీశారు: గాలిలో 560 గ్రాములు, నీళ్లలో ముంచితే 365. తేడా 195తో భాగించి, నీటికంటే నేను 2.87 రెట్లు బరువని ఒక పిల్ల బోర్డు మీద రాసింది.

"గ్రానైట్ మేడం, మా వంటింటి గట్టు మీద ఇలాంటిదే ఉంది" అన్నాడు ఒకడు గట్టిగా. మేడం కాదనలేదు. "మీ గట్టు రాయికి చారలున్నాయా?" అని అడిగారు. వాడు ఇంటికెళ్లి చూసి, మర్నాడు వచ్చి, "లేవు మేడం. గింజలు ఎటుబడితే అటున్నాయి. దీనికి మాత్రం మడతపెట్టిన దుప్పట్లా వరసలున్నాయి" అన్నాడు. గ్రానైట్ కరిగి చల్లారిన రాయి. నేను నలిగి మారిన రాయిని. వాడు తప్పు చెప్పి, తన కళ్లతో తనే దిద్దుకున్నాడు. అలా నాకు నా పేరు తిరిగొచ్చింది.

తర్వాత భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్లారు. నేను సంచిలో ఉన్నాను. 2014లో జాతీయ భూగర్భ వారసత్వ ప్రదేశంగా గుర్తించిన ఆ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. ఇసుకరేణువుల మీద ఇనుము తుప్పు పూతలా పట్టి ఆ ఎరుపు వచ్చింది. ఆ పక్కనే సముద్రం ఒడ్డున మేడం నన్ను తడి ఇసుక మీద పెట్టారు. అలలు వెనక్కి వెళ్లినచోట చారలు కనిపించాయి: నల్లనివి, వాటి పక్కన లేత ఎరుపువి. అయస్కాంతం ఆడిస్తే కొన్ని నల్ల రేణువులు అంటుకున్నాయి. ఎర్రనివి గార్నెట్. మా కొండలు చివికిపోతుంటే గెడ్డలు మోసుకొచ్చి సముద్రంలో పోసిన నా గింజలే. ఆ ఎర్ర చారని పిడికిట పట్టుకుని ఒక పిల్ల నా ముఖం పక్కన పెట్టి పోల్చింది. బురద కొండ కావడం, కొండ మళ్లీ ఇసుక కావడం, రెండూ దాని చేతుల్లో ఒక్కసారే ఉన్నాయి.

ఆ ఏడు ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ జరిగింది. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచే జనం చప్పుడు రాత్రంతా బడిదాకా వినిపించింది. సెలవులయ్యాక ఆ పిల్ల కాళ్లకు బొబ్బలతో వచ్చి, నా పక్కన ఇంకో రాయి పెట్టింది. పిడికెడు కూడా లేదు. ఒకవైపు మట్టి, ఒకవైపు తాజాగా పగిలిన ముఖం. దాని మీద నోటుపుస్తకం కాగితం అంటించి ఉంది: "ఖోండలైట్. అడివివరం, మలుపు దగ్గర. ప్రదక్షిణ రోజు తీశాను. మిగతా కొండ అక్కడే ఉంది."