నాన్నా, హాల్లో రైలు (సటీకా తాత్పర్యము)

మూలము: "నాన్నా, హాల్లో ఆగకుండా తిరిగే రైలు వేద్దామా?"

అవతారిక. మూలంలో లేనిది రాయనని కొలచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఎదురుగా కాళిదాసు ఉండగా ఆ మెదక్ సీమ పండితుడికి అదేమంత కష్టం కాదు. ఆరు మాటల వాక్యం చేతికొచ్చిన ఈ టీకాకారుడు మాత్రం ఆ ప్రతిజ్ఞ పట్టడం లేదు. పైగా మల్లినాథుడు రఘువంశానికి వ్యాఖ్య రాస్తూ నందిని అనే ఆవు దగ్గర ఆగాడు. ఈ టీక పుట్టిన ఊరు కూడా నందినే, కాని ఆవు కాదు, ఛత్తీస్‌గఢ్‌లో భిలాయికి సుమారు 23 కిలోమీటర్ల దూరాన ఉన్న సున్నపురాయి గని. ఆ రాయి భిలాయి ఉక్కు కర్మాగారానికి వెళ్తుంది. దల్లి రాజ్‌హరా నుంచి వచ్చిన ఇనుపరాతిలోని మలినాన్ని పట్టుకుని స్లాగ్‌గా బయటికి లాగేస్తుంది. పెళ్లి జరిపించి భోజనానికి ఆగకుండా వెళ్లిపోయిన పురోహితుడిలా, పట్టాలో తాను మిగలదు. దేశంలోని రైళ్లు నడిచే పట్టాల వెనక ఈ ఊరి రాయి ఉంది కాబట్టి, ఇక్కడి క్వార్టర్లలో ఎవరైనా పై వాక్యం అంటే దాన్ని పిల్లచేష్టగా కొట్టిపారేయకూడదు.

ఇక ప్రతిపదార్థం. అన్వయం కోసం మాటలను కొంచెం అటూ ఇటూ జరపవలసి వచ్చింది.

నాన్నా = ఓ ఖర్చు పెట్టువాడా. సంబోధన. దీని మీద ఇంతకన్నా వ్యాఖ్య అనవసరం.

రైలు = అసలు రైలును 87 వంతులు చేయగా అందులో ఒక వంతు. దీన్నే హెచ్‌ఓ స్కేలు అంటారు. ఎన్ స్కేలులో 160లో ఒక వంతు, జెడ్‌లో 220లో ఒక వంతు. కొనేవాడు ముందు అడిగే ప్రశ్న "ఏది మంచిది?" అయితే, ముందు అడగాల్సింది "స్కేలుకూ గేజికీ తేడా ఏమిటి?" అని. స్కేలు బండి కొలత, గేజి రెండు పట్టాల నడుమ దూరం. హెచ్‌ఓ పట్టాల గేజి 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే యూరప్, అమెరికాల్లోని 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి వస్తుంది. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3. అందుచేత మన ఇంజను రూపం హెచ్‌ఓలో ఎంత అచ్చంగా దిగినా, బజారులో దొరికే పట్టా మీద తన కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడుతుంది, బిగుతు పంచె కట్టిన పెద్దమనిషిలా. పట్టుదల గలవారు 19.3 పట్టాను చేత్తో వేసుకుంటారు. తక్కినవారు పక్కనుంచి చూసి ఆనందిస్తారు.

ఆక్షేపణ: పట్టా ఎత్తు మాటేమిటి? సమాధానం: మన దారుల్లో వాడే 60 కిలోల పట్టా (మీటరు పొడవుకు 60 కిలోలు తూగేది) ఎత్తు 172 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే దాదాపు 2 మిల్లీమీటర్లు. కోడ్ 100 అనే రకం పట్టా ఎత్తు 2.54, కోడ్ 83 అయితే 2.1. కోడ్ అంకె అంగుళంలో వెయ్యింట ఎన్ని వంతుల ఎత్తో చెబుతుంది. కాబట్టి రెండోదే మనకు దగ్గర. భిలాయిలో 130 మీటర్ల పట్టాను ఏకఖండంగా తీస్తారు, రెండేసి అతికి 260 మీటర్లు చేస్తారు. ఆ 260 మీటర్లు ఈ స్కేలులో మూడు మీటర్లవుతాయి, అంటే హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్క అతుకు లేని పట్టా. అంగడిలో దొరికే వంచే పట్టా మాత్రం సాధారణంగా గజం పొడవే. కర్మాగారం వదిలించుకున్న అతుకులన్నీ ఇంటికొచ్చి చేరాయి.

హాల్లో = ఉన్నంత చోటులో. నందిని నుంచి భిలాయికి దారి ఈ స్కేలులో 264 మీటర్లు. హాలు కాదు, వీధి కూడా చాలదు. అందుకే ఈ విద్యలో ఊళ్లను దగ్గరికి లాగుతారు. గనికీ కొలిమికీ మధ్య ఒక గుట్ట, ఒక సొరంగం ఉంటే కన్ను ఒప్పుకుంటుంది. పుణెలో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియానికి, హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్‌కు వెళ్లేవారు దూరాలు కొలవరు, బండి ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తారు.

తిరిగే = మలుపు తీసుకునే. అసలు చిక్కు ఇక్కడుంది. మన బ్రాడ్‌గేజిలో అతి బిగుతు మలుపు వ్యాసార్థం 175 మీటర్లు. కుదిస్తే రెండు మీటర్లు. అంటే బండి వెనక్కి తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి, సోఫా వీధిలో ఉండాలి. బొమ్మ పట్టాల్లో మామూలు మలుపు 18 అంగుళాలు, అనగా 46 సెంటీమీటర్లు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క మీద సుఖంగా పడుతుంది. కాని ఆ మలుపును నిజానికి పెంచి చూస్తే 40 మీటర్లే. దాని మీద 21 మీటర్ల ప్రయాణికుల పెట్టెను తిప్పితే నడుము లోపలికి, కొసలు బయటికి పోయి పక్క పెట్టెను కుమ్ముతాయి. పెట్టె పొడవుకు మూడు రెట్లయినా వ్యాసార్థం ఉండాలని ఈ విద్యలో ఒక లెక్క. పావు మీటరు పెట్టెకు 75 సెంటీమీటర్లన్నమాట. అదే బాక్సెన్ గూడ్సు వ్యాగను పొడవు 10.7 మీటర్లు, కుదిస్తే 12.3 సెంటీమీటర్లు. మూడు రెట్లు 37. ఆ 46లో హాయిగా తిరుగుతుంది. నందినివాళ్లు రాజధాని ఎక్స్‌ప్రెస్ కోసం బెంగపెట్టుకోనక్కర్లేదని, తమ ముంగిట్లోని రాతిబండినే తిప్పుకోవచ్చని టీకాకారుడి పక్షపాతం.

ఆగకుండా = ఆగుతూ ఆగుతూ అని కొందరు అనుభవజ్ఞులు. పట్టాల నుంచి 12 వోల్టుల డీసీ కరెంటు ఒక చక్రం గుండా ఎక్కి, మోటారు తిప్పి, అవతలి చక్రం గుండా దిగాలి. మధ్యలో నలుసు పడితే కరెంటు తెగుతుంది. పెద్ద ఇంజనైతే తన ఊపుతో దాటిపోయేది. కాని పొడవు 87వ వంతుకు తగ్గితే బరువు దాని ఘనం చొప్పున తగ్గుతుంది. 123 టన్నుల వాగ్-9 ఇంజను లెక్క ప్రకారం 187 గ్రాములకు దిగుతుంది. అందుకే బొమ్మ ఇంజన్లలో అదనంగా సీసమో మరో బరువో కూరుస్తారు, మోటారుకు ఫ్లైవీల్ తగిలిస్తారు. మంచి పట్టాలు జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. పూజ పళ్లేలు కొన్నవారికి తెలుసు: నేతిబీరకాయలో నెయ్యి ఎంతో అందులో వెండి అంత. ఉన్నవి రాగి, నికెల్, జింకు. ఇనుములా తుప్పు పట్టదు. అయినా చక్రం నిప్పురవ్వకు నల్లమసి, దాని మీద గని ఊరి దుమ్ము చేరతాయి. కొలిమిలో పట్టాను శుద్ధి చేసిన రాయే పొడిగా వచ్చి దీని మీద వాలడం విరోధాభాసాలంకారం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి. గరుకు కాగితం వద్దు, గీతల్లో మసి మరింత ఇరుక్కుంటుంది. అతుకు అతుకుకూ కరెంటు నీరసిస్తుంది కనుక కింద నుంచి రెండు మూడు చోట్ల తీగలు టంకం పెట్టి ఇవ్వాలి.

రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలంటే డీసీసీ అనే డిజిటల్ పద్ధతి ఉంది. ఒక్కో ఇంజనుకు ఒక్కో అంకె పేరు. అయితే కొత్త ఇంజన్లు సాధారణంగా 3 అనే అంకెతోనే పుడతాయి. మార్చకుండా పిలిస్తే, క్వార్టర్ల వీధిలో "రావుగారూ" అని కేకేసినట్టు అందరూ ఒకేసారి కదులుతారు.

వేద్దామా = ఇద్దరం కలిసి, అని పైకి అర్థం. టంకం వేసేది నాన్న.

పాఠాంతరం. అమ్మగారి ప్రతిలో "హాల్లో" అన్నచోట "మంచం కింద" అని ఉంది. ఇది నిరాధారమైన పాఠం కాదు. చెక్కకు చిన్న చక్రాలు బిగించి, గుట్టనూ సొరంగాన్నీ మంచం ఎత్తుకు లోబడి కట్టుకుంటే చాలావరకు లోపలికి తోసేయవచ్చు. పైగా నాలుగడుగుల చెక్కను గోడవార పెడితే అవతలి అంచుకు చెయ్యి అందదు, బండి తప్పనిసరిగా అక్కడే పట్టా తప్పుతుంది. మంచం కింది నుంచి బయటికి లాగితే నాలుగువైపులా అందుతుంది.