నాలుగు చుక్కల నీలిమందు

మా ఇంట్లో స్నానానికి మనిషికి ఒక్క బకెట్టే అని చట్టం తెచ్చింది నేనే. షవరు ఊడదీసి అటక మీద పడేశాను. పనమ్మాయి గిన్నెలు తోముతుంటే వెనకాలే నిలబడి, నల్లా ఎప్పుడు కడుతుందా అని కాపలా కాశాను. మూడో రోజు ఆ అమ్మాయి "సారుకి ఆఫీసు లేదామ్మా?" అని మా ఆవిణ్ణి అడిగింది. రిటైరై నాలుగు నెలలైందని చెప్పింది మా ఆవిడ. ఏదో కష్టం చెప్పుకుంటున్నట్టే చెప్పింది.

నా బాధంతా బిల్లు గురించి. హైదరాబాదులో ఇళ్లకి నెలకి 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితం, 2021లో మొదలైంది. ఉన్నది ఇద్దరమే అయినా అది దాటిపోయామంటూ బిల్లొచ్చింది. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లన్నది సర్కారువారి లెక్క. అంటే మా ఇద్దరికీ నెలకి 8,100. మిగతా 12 వేల లీటర్లూ ఎవరు తాగినట్టు? ముందు మీటరుని అనుమానించాను. తర్వాత పక్కింటివాళ్లని. పనమ్మాయి సంగతి చెప్పనే చెప్పాను.

పెరట్లో కూడా పొదుపు మొదలెట్టాను. వాషింగ్ మెషిన్ వదిలే నీళ్లు వృథాగా పోతున్నాయని, దాని గొట్టానికి ఇంకో పైపు తగిలించి కరివేపాకు మొదట్లోకి వదిలాను. నాలుగు ఇళ్లకి చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. అన్నాళ్లూ బియ్యం కడిగిన నీళ్లతో, అప్పుడప్పుడూ ఇంత పుల్లమజ్జిగతో హాయిగా బతికిన చెట్టది. మూడు వారాలకి ఆకుల కొసలు మాడాయి, మొదట్లో మట్టి మీద తెల్లగా పొర కట్టింది.

"సర్ఫు నీళ్లతో చెట్టుకి తలంటు పోస్తున్నారా?" అంది మా ఆవిడ. ఆ పూట సాంబారులో కరివేపాకు లేదు.

ఇక అసలు సంగతి. రాత్రిళ్లు బాత్రూంలో సన్నగా 'స్స్' మని వినిపిస్తోందని ఆవిడ రెండు నెలల క్రితమే చెప్పింది. బల్లి అయ్యుంటుందన్నాను. బల్లి అలా అరవదంది. నీకన్నీ అనుమానాలే అన్నాను.

మొన్న ఆదివారం ఆవిడే బట్టల నీలిమందు సీసా పట్టుకెళ్లి, ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కలు వేసి, అరగంట దాకా ఎవరూ ఫ్లష్ నొక్కకూడదంది. నొక్కలేదు. అరగంట తర్వాత పిలిచి చూపించింది. కమోడ్ లోపలి వెనక గోడ మీంచి వెంట్రుకంత ధార కిందికి జారుతోంది, దాని చుట్టూ నీళ్లు కృష్ణుడి రంగులో ఉన్నాయి.

ప్లంబరు అయిదు నిమిషాల్లో లోపలి రబ్బరు వాషర్ మార్చాడు. నేను ఊరుకోలేక లెక్క కట్టాను: నిమిషానికి పావు లీటరు అనుకున్నా రోజుకి 360 లీటర్లు, నెలకి 10,800. ఒక్క బకెట్టుతో వీపు తడవక నేను మిగిల్చినదంతా రాత్రికి రాత్రే ఆ వెంట్రుకంత ధారలో పోయేదన్నమాట.

షవరు మళ్లీ బిగించాను. పనమ్మాయికి సారీ చెబుదామనుకున్నాను గానీ, నేను వంటింట్లోకి రాగానే ఆ అమ్మాయి తనంతట తనే నల్లా కట్టేసింది.

నిన్న కరివేపాకుకి చిగురు కనిపించింది. దగ్గరికెళ్లి చూద్దామని అడుగేశానో లేదో, వంటింటి కిటికీలోంచి కేక: "ఏమండీ, చేతిలో ఏముంది?"