టోన్ ఆర్మ్ తీగలు మార్చుకునే సులభ పద్ధతి

కావలసినవి: చక్కగా పాడుతున్న టర్న్‌టేబుల్, సాల్డరింగ్ ఐరన్, భూతద్దం, ఒక సెలవు రోజు. చెడిపోయిన టర్న్‌టేబుల్ ఈ పనికి కుదరదు. బాగుపడితే ఆ పేరు టంకానికి పోతుంది, మీ తీగకు దక్కదు.

1. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 దొరికితే వదలకండి. 1972లో వచ్చిన ఆ మోడల్‌ని డీజేలు దశాబ్దాలపాటు ముందుకూ వెనక్కూ తిప్పినా మొరాయించలేదు. అయినా దాంట్లో లోపం మీ చెవికి దొరికిందంటే మీరు కారణజన్ములే.

2. పాత తీగలు పీకి పారేయండి. ఎరుపు, ఆకుపచ్చ కుడి చానెల్‌వి. తెలుపు, నీలం ఎడమవి. కొత్త తీగని పాతదాని కొసకు కట్టి లాగితే ఎస్ ఆకారపు గొట్టంలోంచి తేలిగ్గా వస్తుంది. ఈ సంగతి పాతవి పారేశాకే చదవాలి.

3. కొత్తగా వేసేది లిట్జ్ వైరై ఉండాలి. అందులో పోగు పోగుకీ విడిగా ఎనామిల్ పూత ఉంటుంది. పూత తీయకుండానే టంకం పెట్టండి. పైకి మెరుస్తుంది, లోపల సిగ్నల్ కదలదు. ఈ నిశ్శబ్దం ఖరీదైన సెట్లలోనూ దొరకదు.

4. క్లిప్పులకు టంకం పెట్టేటప్పుడు వాటిని కార్ట్రిడ్జ్ పిన్నులకే తగిలించి ఉంచండి. వేడి లోపలి కాయిల్ దాకా పాకితే, కొత్త కార్ట్రిడ్జ్ కొనడానికి ఇంట్లో చెప్పుకోదగ్గ కారణం దొరికినట్టే.

5. ఇక బయటి కేబుల్. మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్ ఇచ్చేది ఐదు మిల్లీవోల్టుల చిల్లర. దాన్ని భద్రంగా మోయడానికి కేబుల్ టీవీ వైరు చాలు: షీల్డు ఉంది, కెపాసిటెన్స్ మీటరుకి 70 పికోఫారడ్లకు మించదు, పైగా చవక. అందుకే దాని జోలికి పోకూడదు. వెండి తీగ కొని బిగుతుగా జడ అల్లండి. అల్లిక బిగిసేకొద్దీ కెపాసిటెన్స్ పెరిగి, తాళాల మోత పదునెక్కుతుంది. దాన్ని ‘స్పష్టత’ అనాలి. షీల్డు లేని జడ ఇంట్లో కరెంటు నుంచి 50 హెర్ట్జ్ హమ్ పట్టుకొస్తే, ఘంటసాల గారి పాటకు తంబూరా తోడైందని సరిపెట్టుకోండి.

6. వెంటనే తీర్పు చెప్పకండి. వంద గంటలు పాడితేగానీ తీగ ‘కుదురుకోదని’ అందరికీ చెప్పండి. ఆపాటికి పాత శబ్దం ఎవరికీ గుర్తుండదు. ఏ తీగో చెప్పకుండా మార్చి మార్చి వినిపిస్తానని బావమరిది ముందుకొస్తే, కాఫీ ఇచ్చి సాగనంపండి. వెండి ధర తెలియని చెవులతో సంగీతం వినడం ప్రమాదం.