కెమెరాకు 65 అడుగుల దూరం

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. 2010లో మెక్సికో సింధుశాఖలో ఒక పిల్లి అంతకంటే తెలివిమీరి, ఊళ్లోవాళ్ల కళ్లు మూయబోయింది.

ఏప్రిల్ 20న బీపీ కంపెనీ చమురుబావి మీద డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. చమురు లూసియానా తీరం దాకా పాకింది. ఆపుదామని నీళ్ల మీద తేలే బూమ్‌లు కట్టారు. చమురేమో వాటి పైనుంచీ కిందనుంచీ దర్జాగా దాటిపోయింది. దాన్ని నిలబెట్టలేని అమెరికా కోస్ట్‌గార్డ్, జూన్ ఆఖరున పడవల మీద విరుచుకుపడింది. అనుమతి లేకుండా బూమ్‌కు 65 అడుగుల లోపలికి వస్తే 40 వేల డాలర్ల దాకా జరిమానా, ఆపైన క్రిమినల్ కేసు! పైనుంచి ఫొటోలు తీద్దామంటే 3,000 అడుగుల కిందికి విమానం దిగరాదు. ఇదంతా భద్రత కోసమేనట. ఎవరి భద్రత అని మాత్రం అడక్కండి.

లెక్క చూస్తే కొంత బోధపడుతుంది. రోజుకు కారేది 1,000 పీపాలని మొదట చెప్పారు. కాదు, 5,000 అన్నారు. చివరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు తేల్చింది 53 వేల నుంచి 62 వేలు. పాపం, ఇలాంటి లెక్కల మాస్టార్ల దగ్గరికి కెమెరా వస్తే చేయి వణకదూ?

విలేకరులు గగ్గోలు పెట్టాక జులై 12న వాళ్లకు ఆంక్ష సడలించారు. బావికి మూత పడింది జులై 15న.