గ్రీనులకు పోటు: ఒక నోటీసుకు టీకా తాత్పర్యము

మూలము:
"సభ్యులకు మనవి. వర్షములకు ముందు, జూన్ మొదటి సోమవారము నుండి గ్రీనులకు ఏరేషను జరుగును. మామూలు స్థితికి వచ్చుటకు కొద్ది రోజులు పట్టును. సహకరింపగలరు. ఇట్లు, కమిటీ."

అవతారిక: దక్కను పీఠభూమిలోని ఒకానొక గోల్ఫు క్లబ్బు నోటీసు బోర్డుపై ఏటేటా వెలయు గద్యమిది. సంతకము కమిటీది. మాట మాత్రము గడ్డి బాగోగులు చూచు సూపరింటెండెంటుదని శైలినిబట్టి ఊహింపవచ్చును. "మనవి" ఒక్కటే కమిటీ చేర్చినది.

ప్రతిపదార్థము: సభ్యులకు = చందా కట్టినవారికి, అందుచేత అడుగు హక్కు గలవారికి; మనవి = ఉత్తర్వు; వర్షములకు ముందు = ఇసుక తడియకముందు; జూన్ మొదటి సోమవారము నుండి = ఆదివారపు పోటీ ముగిసి కప్పులు పంచిన మరునాటి నుండి; గ్రీనులకు = బంతిని గుంటలోనికి దొర్లించు పదునెనిమిది నున్నని చోట్లకును, సాధన గ్రీనునకును; ఏరేషను = పొడుచుట; కొద్ది రోజులు = రెండు మూడు వారములు; మామూలు స్థితి = సభ్యుడు ఫిర్యాదు చేయుటకు వేరొక విషయము వెదకుకొనవలసిన స్థితి; సహకరింపగలరు = సహకరింపరని ఎరుగుదుము.

తాత్పర్యము: గ్రీనులను పొడువబోవుచున్నాము, అడిగి లాభము లేదు.

విశేషములు: గ్రీనుపై పెరుగునది గరిక. చవితినాడు వినాయకునికి దూర్వాయుగ్మమని సమర్పించు గరికకు ఇది దాయాది. అమెరికాలో, జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ పరిశోధన కేంద్రమువారు గరికను ఆఫ్రికా గరికతో కలిపి తీసిన టిఫ్‌డ్వార్ఫ్ వంటి సంకరజాతులివి. విత్తు పట్టవు, పిలకలు నాటుకొనవలసినదే. దీనిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కోసి, పైన రోజంతయు బూట్లతో తిరిగినచో అడుగున మన్ను బిగియును, ఎండిన కాడలును వేళ్లును మెత్తగా పొరకట్టును. నీరు ఆ పొరలోనే నిలుచును. వేళ్లకు గాలి అందదు.

కావున యంత్రము వచ్చును. దాని బోలు సూదులు మూడంగుళముల లోతు దిగి, మట్టికడ్డీలను పెకలించి పైన పడవేయును. మొదటి గంటలో గ్రీను చూచినవారికి ఎవరో జంతికలు విరిచి చల్లినట్లుండును. పనివారు వానిని పారలతో అంచునకు త్రోసి, ఎండిన ఇసుక పరచి, ఈడ్పు చాపలతోను చీపుళ్లతోను రంధ్రములలోనికి దింపుదురు. ఇసుక తడిసెనా, రంధ్రపు మూతియొద్దనే ముద్దకట్టి అడుగునకు దిగదు. "వర్షములకు ముందు" అను పదమునకు బలమంతయు ఇచటనే. మే నెలాఖరున సూపరింటెండెంటు చూపు నైరుతిపైనను, టార్పాలిను కింది ఇసుకపైనను ఉండుటకు కారణము కూడ ఇదియే.

ఒక లెక్క చెప్పవలెను. అర అంగుళము వెడల్పు సూదులు రెండంగుళముల ఎడముగా దిగినచో చెదరునది గ్రీనులో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే. సభ్యుని కంటికి నూరు పాళ్లును చెదరును.

శంక: గడ్డి నిగనిగలాడుచుండగా పొడుచుట ఏమి న్యాయము? పాడైనప్పుడు పొడువరాదా?
సమాధానము: ఇదియే ఈ శాస్త్రమున మింగుడుపడని చోటు. గాయము పూడ్చుకొను శక్తి గడ్డికి ఎదుగు కాలముననే ఉండును. గరిక వేడిని కోరునది. వేసవి చివర నుండి వానలలో అది పరుగులు తీయును; డిసెంబరు రాత్రుల చలికి మందగించును. పాడైనదాకా ఆగి పొడిచినచో, రంధ్రములు పొడిచినవి పొడిచినట్లే నెలలు నిలుచును. అందముగా ఉన్నప్పుడే సరియైన ముహూర్తము. ఈ మాట ఏ సభ్యుడును ఇంతవరకు ఒప్పుకొనలేదు, ఒప్పుకొనునన్న ఆశ వ్యాఖ్యాతకును లేదు.

శంక: చల్లని దేశములవారు వసంతమునను, శరత్తునను పొడుతురు గదా?
సమాధానము: వారిది బెంటు గడ్డి; అది చలువను కోరునది. గడ్డి మారినచో పంచాంగము మారును. విదేశయాత్ర చేసివచ్చిన సభ్యులు ఈ భేదము మరచి కమిటీకి ఉత్తరములు వ్రాయుట కలదు.

శిష్టాచారము: స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పాత మైదానమునకు సాధారణముగా ఆదివారము విశ్రాంతి. మాస్టర్స్ పోటీ జరుగు ఆగస్టా నేషనల్ వారు వేసవి అంతయు క్లబ్బునే మూసివేయుదురు. గడ్డికిని సభ్యులకును తగవు లేకుండ చేయు రాజమార్గమిది. మన కమిటీలో దీనిని ప్రతిపాదించువాడు మరుసటి ఎన్నికలలో నిలువడు.

పాఠాంతరము: "జూన్" అనుచోట "జులై" అని ఒక ప్రతిలో పెన్సిలు దిద్దుబాటు. క్యాప్టెను దస్తూరి. జూన్‌లో ఒక స్నేహపూర్వక పోటీ కుదిరినందున పుట్టిన పాఠమని తోచుచున్నది. తడి ఇసుక విషయము ఈ దిద్దుబాటుకర్త ఎరుగడు. ఇది అపపాఠము.

"మామూలు స్థితి" ఎట్లు తెలియును? 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ కల్పించిన పరికరము గలదు. నేటి రూపమున అది 36 అంగుళముల అల్యూమినియం పట్టీ. గాడిలో బంతిని ఉంచి, బంతి తానై జారువరకు పట్టీని ఎత్తిన, అది గ్రీనుపై ఎన్ని అడుగులు దొర్లునో అదియే వేగము. పొడిచిన వారము ఆ అంకె పడిపోవును. దానిని బోర్డుపై వ్రాయకుండుట వివేకము.

చివరి పదము "సహకరింపగలరు" ఎవరికి అన్వయించును? సభ్యులకని మూలము. ఆట తగ్గినందున ఆ వారములలో ఆటగాండ్ర సంచులు మోయు కాడీలకు రౌండ్లును తగ్గును. రౌండు లేనిదే కూలి లేదు. వారి మాట మూలములో లేదు. లేనిదానిని వ్యాఖ్యాత కల్పింపరాదు గనుక ఇచట విడువనైనది.