కాన్పుగదిలో వినకూడని సలహాలు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాన్పులు మాత్రం ఎండ తగ్గేదాకా ఆగవు. బిడ్డ పుట్టగానే గర్భసంచి గట్టిపడి నెత్తురు ఆగడానికి తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజక్షన్ వేస్తారు. వేడికి చప్పబడిపోయే మందు అది. దాన్ని దాచడం గురించి చెప్పే సలహాల్లో కొన్ని చాలా చెడ్డవి. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే కాబట్టి అవి ఇంకా గట్టిగా నాటుకుపోతాయి.

"ట్రేలోనే పెట్టు సిస్టర్, చేతికందుతుంది" అంటారు. ఆ పూట కాన్పులకు సరిపడా బయట ఉంచుకోండి, తక్కినవి ఫ్రిజ్‌లోకి పోవాలి. డబ్బాకు డబ్బా ట్రేలో వారాల తరబడి మగ్గితే ఆ మందును నమ్మలేం.

"అంపూల్ నీళ్లలా తేటగా ఉంది, బానే ఉంటుంది" అన్నమాటా నమ్మొద్దు. మిథైల్ ఎర్గోమెట్రిన్‌కు వేడీ పడదు, వెలుతురూ పడదు. అది చెడితే రంగు మారొచ్చు. ఆక్సిటోసిన్ బలం పోయినా తేటగానే కనిపిస్తుంది. పోలియో చుక్కల సీసా మీద వేడికి రంగు మారే గుర్తును చూడటం ఏ.ఎన్.ఎం.లకు అలవాటే. ఆక్సిటోసిన్ అంపూల్ మీద మామూలుగా అలాంటి గుర్తు ఉండదు.

కొన్ని కంపెనీల లేబుల్ మీద 25 డిగ్రీల లోపు అని ఉంటుంది. దాన్ని చూపించి బయట పెట్టొచ్చంటారు. మే నెలలో ఫ్యాను కింద కూడా మన గదులు 25కు దిగవు. లేబుల్ ఏదైనా సరే 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, యు.ఎన్.ఎఫ్.పి.ఏ. 2019లో కలిసి చెప్పాయి. అలాగని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకట్టకూడదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది "ఈ మందుకు ఊపు లేదు, సెలైన్‌లో ఇంకో అంపూల్ కలుపు" అనే సలహా. నొప్పులు రావడానికి కూడా ఇదే మందును సెలైన్‌లో ఎక్కిస్తారు. చప్పబడిన మందుతో అలా అలవాటు పడిన చేయి, రేపు కొత్త స్టాకు వచ్చినా అదే కొలత వేస్తుంది. ఈసారి మందులో బలం పూర్తిగా ఉంటుంది. నొప్పులు ఆగకుండా తన్నుకొస్తాయి, బిడ్డకు ఊపిరాడదు, గర్భసంచి చిరిగిపోవచ్చు. మందు పని చేయలేదని అనుమానం వస్తే ఆ స్టాకును పక్కన పెట్టి డాక్టరుకు చెప్పాలి. సొంతంగా మోతాదు పెంచకూడదు.

ఇక గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా అమ్మే సీసా "అదీ ఆక్సిటోసినే కదా" అని ఇంటికాన్పుకు తెచ్చేవారికి ఒకటే మాట: వద్దు, 108కు ఫోన్ చేయండి.

భయంకొద్దీ అన్నిటినీ ఫ్రిజ్‌లో కుక్కడమూ తప్పే. గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌కు, నెత్తురు ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌కు చల్లదనం అక్కర్లేదు. ట్రానెక్సామిక్ యాసిడ్‌కు చల్లదనం కన్నా సమయం ముఖ్యం. 20,000 మంది బాలింతలతో చేసిన పరిశోధన 2017లో వెలువడింది, కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తేనే మేలని తేలింది. మిసోప్రోస్టాల్ మాత్రలకు చెమ్మ పడదు. ముందే స్ట్రిప్ నుంచి విప్పి డబ్బాలో పోయకండి.

వేడికి తట్టుకునే కార్బెటోసిన్ కూడా వచ్చింది. 30 డిగ్రీల్లో 3 ఏళ్లు నిలుస్తుంది. అయితే అది కాన్పయ్యాక నెత్తురు పోకుండా ముందుజాగ్రత్తకు ఇచ్చేదే, నొప్పుల కోసం వాడకూడదు.

సిస్టర్లూ, ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి ఉదయం, సాయంత్రం రాసుకోండి. కరెంటు పోతే తలుపు తీయకండి. ఎక్కువసేపు రాకపోతే టీకాల పెట్టెలోకి మార్చండి, అంపూల్ నేరుగా ఐసుకు తగలనివ్వకండి. కోసిగి, కౌతాళం, హొళగుంద నుంచి ఆటోల్లో వచ్చే ఆడబిడ్డల ప్రాణం ఆ అంపూల్ మీద ఉంటుంది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో ఉన్న పెద్దలారా, మార్చి దాటకముందే కాన్పుగదికి ఒక ఫ్రిజ్, దానికి ఇన్వర్టర్ చూడండి.