తీగ లేదు గాని (ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం)

మూలం

తీగ లేదు గాని తిప్పలు తప్పవు
ఫోను కలిసె నంచు పొంగు లోపు
నింజ నాగె నడుమ నెక్కడ లోపమో
రూక పెట్టి చూడు రోషమేల

అవతారిక

ఈ పద్యం ఏ తాటాకుల్లోనూ దొరకదు. విజయవాడ సత్యనారాయణపురంలో, ఒకనాటి రైలు కట్ట బీఆర్‌టీఎస్ రోడ్డయిన చోటికి కూతవేటు దూరంలో, ఒక డాబా మీది గదిలో బల్ల అంచుకు అంటించిన అట్టముక్క మీద ఉంది. కవి మా బావగారు. లోకో షెడ్డులో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యారు. నిజం ఇంజన్లను వదిలాక ఆ బల్ల మీద విజయవాడ, రాయనపాడు, కొండపల్లి స్టేషన్లు కట్టుకుని, 87లో ఒకటో వంతు సైజు బండ్లను ఫోనుతో నడుపుకుంటున్నారు. బండి ఆగినప్పుడు పుట్టిన పద్యమిది. ఆగి ఆగి నడిచినప్పుడు పుట్టినవి ఇంకా ఉన్నాయి గాని వాటికి యతుల్లేవు, కొన్నిటికి మర్యాద కూడా లేదు.

మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి. మెదకు సీమవాడు, మన తెలుగువాడే. ఆ ఒట్టు నేను పెట్టుకోలేను. ఈ మూలంలో లేని వైర్లు బల్ల కింద బోలెడున్నాయి.

ప్రతిపదార్థం

తీగ = వైరు; లేదు గాని = లేకపోయినప్పటికీ; తిప్పలు తప్పవు = అవస్థలు పోవు; ఫోను కలిసెనంచు = స్క్రీను మీద ‘కనెక్టెడ్’ అని చూసి; పొంగులోపున్ = మురిసేలోగానే; ఇంజను ఆగె = ఇంజను నిలిచిపోయింది; నడుమన్ = కమాండ్ స్టేషన్ పెట్టెకూ చక్రానికీ మధ్య; ఎక్కడ లోపమో = తప్పు ఏ చోట ఉన్నదో; రూక = రూపాయి బిళ్ళ; పెట్టి చూడు = పట్టాల మీద ఉంచి పరీక్షించు; రోషము ఏల = కోపమెందుకు?

తాత్పర్యం

ఫోనుకు వైరు లేదు గదా అని మురిసిపోకు. ఇంజను ఆగిందంటే గాలిని తిట్టకముందు పట్టాలను చూడు. చూడడానికి రూపాయి చాలు.

వ్యాఖ్య

తీగ లేదు గాని. తీగ లేనిది ఫోనుకూ కమాండ్ స్టేషన్ అనే పెట్టెకూ నడుమ మాత్రమే. పెట్టె నుంచి అవతల అంతా పాత పద్ధతే: రెండు వైర్లు, రెండు పట్టాలు, చక్రాలు, చక్రాలను రాసుకుంటూ ఉండే రాగి రేకులు, ఇంజను కడుపులో డీకోడరు, ఆ తరవాత మోటారు. డీసీసీ అనే ఈ పద్ధతికి 1980ల చివర జర్మనీలో లెంజ్ కంపెనీ రూపమిచ్చింది. 1990లలో అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. ఇందులో అన్నం, ఆజ్ఞ ఒకే పట్టాల మీద వస్తాయి. కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాని ధ్రువాలు మాత్రం గబగబా తారుమారవుతూ ఉంటాయి. బిట్టులో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది 1, సుమారు 100 ఉంటే 0. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అన్న లెక్కకు ఇది దాదాపు సరిపోయింది. అంటే పట్టాల మీద పారుతున్నది ఛందస్సే. ప్రతి ప్యాకెట్టు చివర ఒక సరిచూపు బైటు ఉంటుంది. లెక్క కుదరకపోతే డీకోడరు ఆ పాదం మొత్తాన్ని పారేసి తరవాతి పాదం కోసం చూస్తుంది. చక్రం కింద మసి ఉంటే గణభంగం, ఇంజనుకు ఆజ్ఞ అందదు. పండితుల్లో కూడా ఇంత నిక్కచ్చి మనుషులు అరుదు.

ఫోను కలిసెనంచు. స్క్రీను మీది పచ్చచుక్క చెప్పేది ఫోనూ పెట్టే మాట్లాడుకుంటున్నాయని. ఇంజను సంగతి దానికి తెలియదు. రైల్‌కామ్ ఉన్న కొన్నిట్లో తప్ప, మామూలు డీసీసీలో ఇంజను తిరిగి బదులు చెప్పే ఏర్పాటే లేదు.

అలాగని ఫోను పత్తిత్తని కాదు. పెట్టె తానే వైఫై ఇస్తుంది, అందులో ఇంటర్నెట్ ఉండదు. ఫోను కాసేపు చూసి, ఇక్కడ నెట్టు లేదనుకుని, చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు జారుకుంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే తెరిస్తే ఆ జారుడు ఆగుతుంది. బ్యాటరీ సేవర్ ఉంటే, స్క్రీను ఆరగానే యాప్‌ను పడుకోబెడుతుంది. ఇంటి రూటరు ద్వారా కలిపినవాళ్లకు ఇంకో తంటా: కరెంటు పోయి వచ్చాక పెట్టె ఐపీ నంబరు మారిపోతుంది, యాప్ మాత్రం పాత నంబరు ఇంటికే వెళ్లి తలుపు తడుతూ ఉంటుంది. రూటరులోనే ఆ నంబరును పెట్టె పేరున కట్టేసుకోవాలి. ఇక 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11. అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్లాటుకూ ఒక రూటరు ఉన్నప్పుడు ఆ మూడింట్లో ఏది ఖాళీగా ఉందో చూసుకుని మారాలి. పెట్టెను ఇనప బీరువా వెనక దాచకూడదు. సంక్రాంతికి చుట్టాలొచ్చి బల్ల చుట్టూ మూగితే సిగ్నలు తగ్గుతుంది. మనిషి ఒంట్లో చాలా భాగం నీళ్లే, ఆ తరంగాలను నీళ్లు పీల్చుకుంటాయి. చుట్టాలను పొమ్మనలేం గనుక పెట్టెను గోడకు ఎత్తుగా కొట్టాలి.

అమెరికాలో ఉన్న బావగారి అబ్బాయి తెచ్చిన రేడియో రిమోటు సంగతి ఒక్క మాట. అక్కడ 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేని బ్యాండు. ఇక్కడ అందులో కొంత మేర సెల్ కంపెనీలు డబ్బు కట్టి తీసుకున్నది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్లకు చూపించడం ఉత్తమం.

నింజ నాగె. ఈ పద్యానికి ఆయువుపట్టు ఇదే. చదివేవాళ్లు సాధారణంగా దీన్ని దాటిపోతారు. ఫోను తప్పుకుంటే ఇంజను ఆగుతుందని అందరూ అనుకుంటారు. ఆగదు. పెట్టెకు చివరి ఆజ్ఞ శిలాశాసనం. ఫోను చచ్చినా, జేబులోకి పోయినా, ఆ వేగాన్నే మళ్లీ మళ్లీ పట్టాల మీదికి పంపుతూనే ఉంటుంది. బండి తన మానాన తిరుగుతుంది, మనం ఆపలేం. ఫోను నాడి చూస్తూ, అది అందకపోతే ఇంజనును నిలిపే ఏర్పాటు కొన్ని యాప్‌లకు ఉంది. అలాంటి కాపలా లేనిచోట, దానంతట అదే ఆగిన ఇంజను ఫోను పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టే. వైర్‌లెస్ పోతే బండి పారిపోతుంది, వైరు పోతే బండి ఆగిపోతుంది. కవి ‘ఇంజను పరుగెత్తె’ అనకుండా ‘ఆగె’ అన్నది ఇందుకు.

అసలు రైళ్లకు వాటంతట అవే ఆగే బుద్ధి కాస్త గట్టిగా నేర్పారు. దక్షిణ మధ్య రైల్వేలో పెరిగిన కవచ్ వ్యవస్థలో ఇంజనూ స్టేషనూ రేడియోలో మాట్లాడుకుంటాయి, పట్టాల మధ్య బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజన్లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య పరీక్షిస్తే, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల ఇవతలే బ్రేకు దానంతట అదే పడింది. మన బల్ల మీది బండికి 380 మీటర్లంటే మూడో వీధి. అది గోడనే నమ్ముకుంటుంది.

నడుమ నెక్కడ లోపమో. లైటు మీట నొక్కు. వెలిగి ఆరితే ఆజ్ఞ చేరుతున్నట్టే, మోటారునీ గేర్లనీ ఇరుసుకు చుట్టుకున్న నూలుపోగునీ చూసుకోవాలి. లైటు వెలుగుతూనే ఉండి మీటకు లొంగకపోతే, నువ్వు పిలుస్తున్న నంబరు దానిది కాదు. లైటుకు లొంగి వేగానికి మాత్రం లొంగకపోతే, ఎప్పుడో రెండింజన్లను జంటగా కట్టినప్పటి నంబరు డీకోడరు జ్ఞాపకంలో సీవీ 19 అనే గడిలో మిగిలి ఉందేమో చూడాలి. అందులో సున్నా వేసేదాకా ఆ ఇంజను సొంత నంబరుకు కదలదు, జంట నంబరుకే కదులుతుంది. లైటే రాకపోతే కరెంటే అందట్లేదని ముందు అనుకోవాలి.

అందకపోవడానికి బెజవాడలో కారణాలు వెతుక్కోనక్కర్లేదు. వేసవిలో దుమ్ము, వానాకాలం చెమ్మ, పక్క వంటింట్లో తాలింపు వేసినప్పుడల్లా వచ్చి పట్టాల మీద వాలే నూనె పొర. దాని మీద చక్రం దొర్లుతూ చిన్న చిన్న నిప్పురవ్వలు రాలిస్తే నల్లటి మసి కడుతుంది. గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడవాలి. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే తళతళలాడుతుంది గాని ఆ గీతల్లో మసి మరింత గట్టిగా కాపురం పెడుతుంది.

ఇంకో లోపం మా బావగారు కొనితెచ్చుకున్నది. కొండపల్లి దగ్గరే గదా అని ఒక ఇంజనుకు పైతొడుగు తెల్లపొణికి చెక్కతో చెక్కించారు. చూడముచ్చటగా ఉంది, రంగు కూడా షెడ్డు రంగే. కానీ తెల్లపొణికి అతి తేలిక, బొమ్మలకు దాన్ని ఎంచుకునేది అందుకే. బరువు లేని ఇంజను చక్రాలు పట్టాలను తాకీ తాకనట్టు ఉంటాయి, క్రాసింగు మీద ప్లాస్టిక్ ముక్క రాగానే నిలబడిపోయేది. వలలకు కట్టే సీసపు గుళ్లు తెచ్చి లోపల రెండు వైపులా సర్దితే దారికొచ్చింది.

రూక పెట్టి చూడు. ఇక్కడ వ్యాఖ్యాతలకు వివాదం. రూక అంటే ధనమనీ, డబ్బు పెట్టి కొత్త పెట్టె కొనమని కవి హృదయమనీ ఒక పూర్వపక్షం. ఇంద్రకీలాద్రి మీద హుండీలో వేయమని మా అక్కయ్య వాదం. మరో ప్రతిలో ‘రూటరు పెట్టి చూడు’ అని పాఠాంతరం కనిపిస్తుంది. అది గ్రాహ్యం కాదు. రూటరు అనేది భగణం, ఆటవెలది రెండో, నాలుగో పాదాల్లో సూర్యగణాలు తప్ప పనికిరావు. అమ్మేవాళ్లెవరో చేర్చిన ప్రక్షిప్తమని తోస్తుంది.

సిద్ధాంతం ఇది. ఈ 87లో ఒకటో వంతు సైజును హెచ్‌ఓ అంటారు, దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇప్పటి రూపాయి బిళ్ళ అడ్డుకొలత 20కి తగ్గదు, పైగా అది స్టీలు. ఇంజన్లన్నీ తీసేసి, బిళ్ళను రెండు పట్టాల మీదా అడ్డంగా పెడితే షార్టు. పెట్టె టక్కున కరెంటు కట్టెయ్యాలి. బిళ్ళ తీసి, మళ్లీ కరెంటు ఇచ్చి, ఓ అడుగు జరిపి మళ్లీ పెట్టాలి. అమెరికావాళ్లు ఈ పనికి క్వార్టరు వాడతారు. ఎక్కడ బిళ్ళ పెట్టినా పెట్టె ఉలకదో అక్కడ రోగం ఉంది. పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేటు వదులైందో, సన్నటి వైరు మీద మరీ దూరం నుంచి కరెంటు వస్తోందో. అలాంటి చోట ఇంజను ఆగడం చిన్న విషయం. బండి పట్టా తప్పి నిజంగా షార్టయితే పెట్టెకు తెలియదు, ప్లాస్టిక్ కరుగుతుంది. బావగారి బల్ల మీద రాయనపాడు దాటేదాకా ప్రతి చోటా పెట్టె కట్టేసింది. కొండపల్లి ప్లాట్‌ఫారం చివర మాత్రం బిళ్ళ హాయిగా పడుకుంది, వేలితో తాకితే వెచ్చగా ఉంది. ఫిష్‌ప్లేటు లోపల పచ్చగా చిలుము. పట్టాకు కింద నుంచి రెండు వైరు ముక్కలు టంకం వేసి, బల్ల కింద లావు వైరుకు కలిపారు. ప్రతి పట్టా ముక్కకూ ఇలా వేసుకుంటే ఫిష్‌ప్లేట్ల దయ మీద బతకనక్కర్లేదు.

రోషమేల. కోపంలో మనిషి ముందు చేసేది రీసెట్. చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే పుట్టినప్పటి స్థితికి పోతాయి. నంబరు మళ్లీ 3 అవుతుంది. ఇది మరిచి పాత నంబరుతో పిలుస్తూ డీకోడరు కాలిపోయిందని ఏడ్చేవాళ్లున్నారు. అంతకన్నా ఘోరం, నంబర్లు రాసే ప్రోగ్రామింగు పట్టా మీద ఒక్క ఇంజనునే ఉంచాలన్న నియమం తప్పడం. అక్కడ నాలుగుంటే నాలుగూ ఒకే నంబరు రాసుకుంటాయి. ఒకటి పిలిస్తే నాలుగూ కదులుతాయి, నాలుగు దిక్కులకు.

నంబరు విషయంలో బావగారికి తీరని బాధ ఇంకొకటి ఉంది. షెడ్డులో ఆయన చేతి మీదుగా పోయిన డబ్ల్యూఏజీ-7 ఇంజన్ల నంబర్లు 27 వేల పైన మొదలవుతాయి. డీసీసీ అడ్రసు 10239 దాటదు. కాబట్టి ముందున్న 2 వదిలేసి మిగిలిన నాలుగంకెలే కొట్టాలి. ఇంజను పక్కన మాత్రం అయిదంకెలూ సన్నటి బ్రష్షుతో రాయించారు. యాప్‌లో ఆ నాలుగే కొట్టేటప్పుడు 2ను నోటితో పలుకుతారు.